వస్తాడు, వచ్చేవాడు

త్రినాధరావు మాస్టారు కథ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర కలం మూత తీసి, ఏదో ఆలోచించి మళ్ళీ పెట్టేశారు.

"కథ బాగుందమ్మా సుప్రియా. కానీ కాలం కుదరలేదు," అన్నారు.

సుప్రియ ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉంది. శనివారం ఒంటిపూట బడి అయ్యాక తిన్నగా గవరపాలెంలో ఆయనింటికి వచ్చేసింది. వేళ్ళకి సుద్దపొడి ఇంకా అలాగే ఉంది. ఆయన రిటైరైన తెలుగు లెక్చరరు. జిల్లాలో కొత్తగా రాస్తున్నవాళ్ళ కథలు కొన్ని కలిపి పుస్తకం వేస్తున్నారు.

"కాలం అంటే?"

"క్రియలమ్మా. బళ్ళో పిల్లలకి నువ్వు చెప్పేదే. ఇదిగో, మొదటి పేజీ. 'జోగి డ్యూటీ దిగి చీకటి పడకుండా ఇంటికి వచ్చేవాడు.' బాగుంది. అయిపోయిన సంగతి చెబుతున్నావు. ఈ పేజీలోకి రా. 'జోగి వస్తాడు. చెప్పులు గుమ్మం పక్కన విడుస్తాడు. మంచినీళ్ళు అడుగుతాడు.' ఇదేమిటి? వస్తాడంటే మన భాషలో రెండర్థాలు. రోజూ వస్తుంటాడని ఒకటి, ఇక ముందు వస్తాడని ఒకటి. పోయినవాడు ముందెలా వస్తాడు?"

"కొందరు కావాలనే అలా రాస్తారు కదా మాస్టారూ."

"రాస్తారు. అయితే మొదట్నుంచీ చివరిదాకా అలాగే రాస్తారు. నువ్వు కావాలని రాసింది కాదిది." ఆయన కాగితాలు ఆమె వైపు తిప్పారు. "ఊరి గురించి రాసినచోట భూతకాలం. కంపెనీ, పేలుడు, ఆసుపత్రి, అంతా భూతకాలమే. ఆ కుర్రాడు తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చేసరికి క్రియ మారిపోతోంది. ప్రతిసారీనూ."

సుప్రియ చూసింది. నవ్వుతాడు, తింటాడు, విసుక్కుంటాడు, తల తుడుచుకుంటాడు. అన్నిటి చుట్టూ ఎర్రటి సున్నాలు. రాసేటప్పుడు ఒక్కటీ కంటబడలేదు.

"కథ చెప్పేవాళ్ళు ఎక్కడ నిలబడి వెనక్కి చూస్తున్నారో ముందు తేల్చుకోవాలి. అది తేలితే క్రియలు వాటంతటవే సర్దుకుంటాయి. సోమవారం సాయంత్రం ప్రెస్సుకి ఇచ్చేస్తున్నాను. నీదొక్కటే మిగిలింది."

"దిద్ది తెస్తాను మాస్టారూ."

జోగి తన తమ్ముడని ఆమె ఆయనకి చెప్పలేదు. కథలో పేరు మార్చింది, ఊరు మార్చింది. తమ్ముడు రాజబాబు హైవే అవతల మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీ. కిందటేడు వానాకాలంలో ఆ కంపెనీలో ఒక బ్లాకు పేలి తగలబడింది. ఆ రోజు నుంచీ రాజబాబు కనబడలేదు. అతనికి ఆ రోజు సెలవనీ, గేటు లోపలికి రానేలేదనీ కంపెనీ చెప్పింది. కాలిపోయిన చోట అతని ఆనవాలు ఏదీ దొరకలేదు. పోయాడని ఎవరూ రాసివ్వలేదు. ఉన్నాడని చూపించేవాళ్ళూ లేరు. రాజబాబు భార్య బుజ్జి మాత్రం ఎవరడిగినా ఒక్క మాటే అనేది. "వత్తాడు."

ఆ మాట విన్నప్పుడల్లా సుప్రియకి ఒళ్ళు మండేది. ఆ మంటతోనే కథ రాసింది.

*

ఆదివారం పొద్దున్న తుమ్మపాలలో తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి తల్లి ఒక్కతే ఉంది. అప్పలకొండమ్మ వెనక వసారాలో జారిపోయిన పెంకుల కింద గిన్నె పెడుతోంది. రాత్రి కురిసిన వాన ఇంకా చుక్కలుగా కారుతోంది.

"ఎవరినైనా పిలిచి నేయించొచ్చు కదమ్మా," అంది సుప్రియ.

"ఆడొచ్చేక ఆడే నేత్తాడు. ఊరోళ్ళ సేత ఎందుకు?" అంది తల్లి ఇటు తిరక్కుండానే. "బుజ్జి ఎర్రయ్య తోటకి ఎల్లింది. జడలు కడతన్నారు."

కాలవ గట్టు దాటితే ఎర్రయ్య చెరకుతోట. తోట ఆమె తలని మించి ఎదిగింది. లోపల బుజ్జి కింది ఎండాకుల్ని మెలేసి తాడులా పేనుతోంది. పక్కపక్క దుబ్బుల్ని దగ్గరికి లాగి, వాటి నడుముకి ఆ ఆకుతాడు చుట్టి బిగిస్తోంది. గాలికి చెరకు పడిపోకుండా ఉండేందుకు కట్టే జడ అది. ఆకు అంచు కత్తిలా కోస్తుంది కాబట్టి చీర మీద రాజబాబు నీలం ఫుల్ చొక్కా తొడుక్కుని, చేతులకి గుండీలు పెట్టుకుంది. అయినా మణికట్ల దగ్గర సన్నటి ఎర్రటి గీతలు ఉన్నాయి.

"వచ్చేవా వదినా? ఆ గట్టు మీద కూకో. ఈ సాలు అయిపోతే వచ్చీత్తాను."

సుప్రియ కూర్చుంది. బ్యాగులో కథ కాగితాలు ఉన్నాయి. తీయబోతుంటే కాలవ వైపు నుంచి బండి చప్పుడైంది. కన్నబాబు బండి ఆపి స్టాండు వేశాడు. రాజబాబుని కంపెనీలో పెట్టిన లేబర్ కాంట్రాక్టరు అతనే. ఇస్త్రీ చొక్కా, చేతిలో సీతాఫలాల సంచి.

"బాగున్నారా టీచరమ్మా? ఇంటికెల్తే అత్త ఇక్కడున్నాదని సెప్పింది." సంచి గట్టు మీద పెట్టి తోటలోకి కేకేశాడు. "సెల్లీ! ఒక్క మాట."

బుజ్జి చేతిలో ఆకుతాడు వదలకుండానే సాలు చివరికి వచ్చింది.

"ఎల్లుండి మంగళారం ఆ పేలుడు మీద సర్కారు ఆఫీసులో ఇచారణ. నీకూ కబురొచ్చి ఉంటాది. భయమేటీ లేదు. ఆ పెద్దసారు ఒకటే అడుగుతాడు, మీ ఆయన ఎక్కడ అని. నువ్వేటి సెప్తావు?"

బుజ్జి చేతిలో ఆకుతాడు మెలేస్తూనే ఉంది.

"రోజూ సెప్పేదే సెప్పు. ఇంట్లో సెప్పకండా ఎక్కడికో ఎల్లేడు, వత్తాడు. అంతే. అందులో అబద్దం ఏటున్నాది? మా బావ వత్తాడు సెల్లీ. ఎక్కడికి పోతాడు? ఏ మద్రాసో ఏ సూరతో ఎల్లుంటాడు. కోపం తగ్గేక ఆడే వత్తాడు."

బుజ్జి నోట విన్నప్పుడు ఒళ్ళు మండించిన మాటే. అతని నోట వినేసరికి సుప్రియ గట్టు మీంచి లేచి నిలబడింది.

"కోపం ఎవరి మీద కన్నబాబూ? మా తమ్ముడు ఎవరితో దెబ్బలాడి వెళ్ళాడు?"

"అది మనకేటి తెలుత్తాదమ్మా? మొగుడూ పెళ్ళాల మజ్జిన," అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, బుజ్జి వైపే చూస్తూ అన్నాడు. "మజ్జిలో ఇంకోల్ల పేర్లు లాగీకు సెల్లీ. నానాజీ పిల్లలున్నోడు. ఆడి పని పోతే ఆళ్ళందరి నోట్లో మట్టే."

బుజ్జి చేతిలో మెలి తిరుగుతున్న ఆకుతాడు ఆగిపోయింది. పేనిన మెలి దానంతటది విడిపోతుంటే అలాగే చూస్తూ నిలబడింది.

కన్నబాబు వెళ్ళిపోయాక సుప్రియ అడిగింది. "తమ్ముడితో పాటు పనిచేసే ఆ నానాజీ పేరెందుకు ఎత్తాడు వాడు?"

"ఏమో వదినా," అని బుజ్జి తోటలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె కట్టిన జడలు గట్టిగా బిగుసుకోలేదు. ఎర్రయ్య వచ్చి రెండుసార్లు గసిరాడు. సీతాఫలాల సంచి గట్టు మీదే ఉండిపోయింది.

*

మధ్యాహ్నం అన్నాలయ్యాక తల్లి వీధిలో బుల్లమ్మ ఇంటికి వెళ్ళింది. సుప్రియ గది మధ్యలో చాప వేసుకుని కాగితాలు పరిచి, ఎర్ర సున్నాలు వెతుక్కుంటూ దిద్దడం మొదలుపెట్టింది. నవ్వుతాడు కొట్టేసి నవ్వేవాడు. తింటాడు కొట్టేసి తినేవాడు. వస్తాడు కొట్టేసి వచ్చేవాడు. కొట్టేసిన ప్రతిసారీ తలుపు మూసినట్టుగా ఉంది. కానీ చేయి ఆగలేదు. పేలుడు రోజు పొద్దుటి ఘట్టం దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆ పేరా అంతా వర్తమానంలోనే ఉంది. ఒక్క వాక్యం మారిస్తే పక్క వాక్యం ఒప్పుకోవడం లేదు.

బుజ్జి కోసుకున్న మణికట్లకి కొబ్బరినూనె రాసుకుంటూ గోడకి చేరబడి చూస్తోంది.

"అది మీ తమ్ముడి కతేనా?"

సుప్రియ తలెత్తింది. కథ రాస్తున్నట్టు బుజ్జికి ఎప్పుడూ చెప్పలేదు.

"పేరు జోగి అని పెట్టాను."

"సదువు."

"బుజ్జీ..."

"సదువు వదినా. అందరూ సదువుతారు కదా రేపు. నాను ఇనకూడదా?"

సుప్రియ చేతిలో ఉన్న పేరానే చదివింది. "జోగి లేస్తాడు. వేపపుల్లతో దొడ్లోకి వెళతాడు. పొయ్యి దగ్గర భార్య వంగి ఊదుతుంటే జడ పట్టుకుని లాగుతాడు. బ్యాగు తగిలించుకుని గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తాడు. 'సాయంత్రం తొరగా వత్తాను,' అంటాడు. భార్య నవ్వుతుంది..."

"అలాగ ఎల్లనేదు," అంది బుజ్జి.

సుప్రియ ఆగింది.

"జడా లాగనేదు, యెనక్కీ తిరిగి సూడనేదు. ఆయేళ డ్యూటీ నేదు. పెంకులు నేద్దామని నిచ్చెన తెచ్చుకున్నాడు. నాను కింద నిలబడి అందిత్తన్నాను." నూనె రాసుకుంటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "నానాజీ వచ్చేడు. ఒల్లు కాలిపోతంది. నిలబడనేకపోతన్నాడు. డ్యూటీకి పోకపోతే కన్నబాబు తీసీత్తానన్నాడంట. మొకానికి మాస్కు, నెత్తి మీద టోపీ, గేటుకాడ ఎవుడూ సూడడు, నా పాసు అట్టుకుని ఎల్లు బావా అన్నాడు. కన్నబాబుకీ పోన్ సేసి సెప్పేడు. సరే, ఎవుడో ఒకడు రండి అన్నాడు ఆడు. మీ తమ్ముడు నిచ్చెన దిగి, ఆ మట్టి సేతులు బనీనుకే తుడిసేసుకుని, ఆ పాసు మెడ్లో ఏసుకుని ఎల్లిపోయేడు. నాతో ఏటీ అననేదు. నిచ్చెన ఎర్రయ్యకి ఇచ్చీ అన్నాడు. అంతే."

వీధిలో ఎవరో మేకలు తోలుకెళుతున్నారు.

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదా?" అంది సుప్రియ. "వాడు లోపలికే రాలేదని కంపెనీ అంటుంటే, నీకు తెలిసి ఉండి కూడా..."

"సెప్తే ఎల్లేడు అనాల."

"అవును, అనాలి!"

"ఎల్లేడంటే ఆ బిల్డింగులోకి ఎల్లేడు. అందులోకి ఎల్లినోడు మరి రాడు." బుజ్జి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "సెప్పకపోతే, ఎక్కడికి ఎల్లేడో తెల్దు. తెలకపోతే వత్తాడు."

సుప్రియ లేచి నిలబడింది. కాగితాలు చాప మీద చెల్లాచెదరయ్యాయి. "నువ్వలా అంటున్నావు కాబట్టే ఆ కన్నబాబు పళ్ళు పట్టుకుని వచ్చాడు! నీ మాటే వాడికి అండ. వత్తాడు వత్తాడని నువ్వనేకొద్దీ మా తమ్ముడు ఏ లెక్కలోనూ లేకుండా పోతున్నాడు. వాడు చనిపోయాడు బుజ్జీ. ఒక్కసారైనా ఆ మాట అను."

బుజ్జి కోప్పడలేదు. తల పైకెత్తి చూసింది.

"ముందు నువ్వను."

"ఇప్పుడన్నాను కదా."

"వాడు అన్నావు. కాయితంలో జోగి అన్నావు. రాజబాబు సచ్చిపోయేడు అను. పేరెట్టి అను వదినా, నాను ఇంటాను."

సుప్రియ నోరు తెరిచింది. రాజబాబు అన్న మాట వచ్చింది. పలికితే పిలిచినట్టే ఉంది. పక్కగదిలోంచి ఇప్పుడే 'ఏటక్కా' అంటూ వస్తాడన్నట్టుగా ఉంది. దాని తర్వాత రావలసిన మాట గొంతులోనే ఉండిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. ఊపిరి ఎగదోసుకు వచ్చింది తప్ప మాట రాలేదు.

బుజ్జి లేచి, కింద పడిన కాగితాలు ఒక్కొక్కటీ ఏరి, వరస చూసుకోకుండా ఒకదాని మీద ఒకటి పెట్టి ఆమె చేతికిచ్చింది. అప్పుడే వాకిట్లో తల్లి చెప్పుల చప్పుడైంది. ఇద్దరూ మొహాలు సర్దుకున్నారు.

*

సోమవారం సాయంత్రం త్రినాధరావు మాస్టారింటి వరండాలో ప్రెస్సు కుర్రాడు మిగిలిన కథల కట్టతో కాచుకుని ఉన్నాడు. సుప్రియ బ్యాగు తెరవలేదు.

"నా కథ వెయ్యకండి మాస్టారూ."

"దిద్దడం కుదరలేదా? ఆ కాస్తా నేను దిద్దుతాలే, ఇటివ్వు."

"దిద్దడం కాదండి. జోగి మా తమ్ముడు." ఆమె నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయింది. తమ్ముడి సంగతీ, రేపటి విచారణా. నానాజీ పాసు సంగతి మాత్రం చెప్పలేదు. అది బుజ్జి చెప్పవలసిన మాట. "అయిపోయిందనుకుని రాశాను. అవలేదండి. పొద్దుటి ఘట్టం మొత్తం తప్పే. నేను చూడలేదు, ఊహించి రాసేశాను."

మాస్టారు చాలాసేపు కళ్ళద్దాలు పంచె అంచుతో తుడుచుకున్నారు.

"పోయినవాడు ముందెలా వస్తాడని అడిగాను కదమ్మా నిన్ను," అన్నారు చివరికి. "మీ తమ్ముడని తెలీదమ్మా."

"మీరు అడిగినదాంట్లో తప్పేం లేదు మాస్టారూ."

ప్రెస్సు కుర్రాడిని ఆయన పంపించేశారు. మెట్లు దిగుతున్న ఆమెని పిలిచి, రేపు తోడు రమ్మంటావా అని అడిగారు. వద్దండి అంది. బుజ్జి రేపు ఏం చెబుతుందో ఆమెకీ తెలియదు. నిన్న సాయంత్రం నుంచీ బుజ్జి ఆ ఊసే ఎత్తలేదు.

*

విచారణ గదిలో ఫ్యాను తిరుగుతున్నా గాలి లేదు. అధికారి పెద్దవయసాయన. పక్కన చిన్న బల్ల దగ్గర గుమస్తా వాంగ్మూలం రాసుకునేందుకు కూర్చున్నాడు. గోడ పక్క బెంచీ మీద కన్నబాబు, అతని పక్కన నానాజీ ఉన్నారు. నానాజీ గడ్డం మాసి, చేతులు తొడల మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు. బుజ్జి లోపలికి రాగానే కన్నబాబు ఆప్యాయంగా తల ఊపాడు.

బుజ్జి కుర్చీలో కూర్చోలేదు. బల్ల ముందు నిలబడింది. సుప్రియ ఆమె వెనకే నిలబడింది.

"రాజబాబు భార్యవి నువ్వేనా?" అన్నాడు అధికారి.

"అవును సార్."

"మీ ఆయన ఎక్కడ ఉన్నాడమ్మా?"

అధికారి కాగితం మీంచి తలెత్తాడు. కన్నబాబు గొంతు సవరించుకున్నాడు. "పాపం, ఆ పిల్ల రోజూ వత్తాడనే సూత్తంది సార్. ఊరంతా తెలుసు."

"మిమ్మల్ని అడగలేదు."

బుజ్జి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. విప్పుతోంది. మళ్ళీ చుట్టుకుంటోంది. చెప్పదు, అనుకుంది సుప్రియ. చెప్పకపోయినా తనేమీ అనకూడదనుకుంది. ఆ మాట ఎంత బరువో మొన్న తన గొంతుకే తెలిసింది.

"కంపెనీకి ఎల్లేడు సార్," అంది బుజ్జి.

కన్నబాబు బెంచీ మీంచి సగం లేచాడు. అధికారి చెయ్యెత్తి కూర్చోబెట్టాడు.

"ఆయేళ ఆయనకి డ్యూటీ నేదు. నానాజీకి జొరం వచ్చింది. నానాజీ పాసు మెడ్లో ఏసుకుని ఎల్లేడు. కన్నబాబుకి తెలుసు. పోన్లో సెప్తంటే నాను ఇన్నాను." ఆమె గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. "పొద్దున్నే ఎల్లేడు. మద్దినేళ పేలింది. మరి రానేదు."

"అబద్దం సార్! ఎవుడో నేర్పించేడు దీనికి. ఈ టీచరే..."

అధికారి నానాజీ వైపు తిరిగాడు. "నువ్వేనా నానాజీ? ఆ రోజు డ్యూటీకి నువ్వు వెళ్ళావా?"

నానాజీ తలెత్తలేదు. కన్నబాబు మోచెయ్యి అతని పక్కటెముకలకి తగలడం సుప్రియకి కనిపించింది. నానాజీ ఆ మోచెయ్యికి దూరంగా జరిగాడు. బెంచీ చివరికంటా జరిగి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"జొరం సార్ నాకు," అన్నాడు చేతుల్లోంచే. "నా బదులు బావ ఎల్లేడు."

గుమస్తా కలం గబగబా కదులుతోంది. అధికారి నానాజీని తర్వాత విడిగా పిలుస్తానన్నాడు. కన్నబాబుని బయటికి పోవద్దన్నాడు. బుజ్జి చెప్పింది చదివి వినిపించి సంతకం తీసుకొమ్మని గుమస్తాకి చెప్పాడు.

గుమస్తా కాగితం ఎత్తి చదివాడు. "సదరు దినమున నా భర్త రాజబాబు, నానాజీ అను వ్యక్తి యొక్క పాసుపై కంపెనీలో విధులకు వెళ్ళి ఉన్నాడు. అటు పిమ్మట..."

"ఏటి?" అంది బుజ్జి.

"వెళ్ళి ఉన్నాడు."

"ఉన్నాడు అని నానననేదు సార్."

"ఆఫీసు భాషమ్మా. అలాగే రాస్తాం. వెళ్ళాడనే అర్థం."

"ఉన్నాడు తీసీండి," అంది బుజ్జి. "ఎల్లేడు అని రాయండి సార్. నాను సెప్పింది అదే."

గుమస్తా అధికారి వైపు చూశాడు. అధికారి తలూపాడు. కలం ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, పైన 'వెళ్ళాడు' అని రాసింది. బుజ్జి చివరిదాకా విని, సంతకం పెట్టింది.

"సాక్షి కూడా పెట్టాలి. మీరు అతనికి ఏమవుతారు?" అని గుమస్తా సుప్రియ వైపు కలం చాచాడు.

సుప్రియ కలం అందుకుంది. అక్కని అని చెప్పాలి. చిన్న మాట. కొట్టేసిన ఆ గీత మీంచి ఆమె చూపు మళ్ళలేదు. కాగితం అలుక్కుపోయింది. ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. ఇన్నాళ్ళూ ఒక్క చుక్క రాలని కళ్ళు అందరి ముందూ ఆగకుండా కురిశాయి.

బుజ్జి ఆమె వీపు చుట్టూ చెయ్యి వేసింది. "మా వదిన సార్," అంది గుమస్తాతో. "ఆయనకి అక్క. కుంచెం ఆగండి, సంతకం ఎడతాది."

సంతకం అయ్యాక ఇద్దరూ బయటి వరండాలోకి వచ్చారు. బుజ్జి కుళాయి తిప్పి, దోసిలి పట్టి, సుప్రియ మొహం తనే కడిగింది. కొంగుతో తుడిచింది.

"అమ్మకి ఏం చెబుదాం?" అంది సుప్రియ ఎక్కిళ్ళ మధ్య.

"అత్తకి నాను సెప్తాను," అంది బుజ్జి. "నువ్వు పక్కన కూకో, సాలు."

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి, తుమ్మపాల వైపు వెళ్ళే ఆటోకి చెయ్యెత్తింది.